రిపోర్టులో 1.6 ఉంది, పెళ్ళి ఆపేయమంటారా?

రాయగడ నుంచి ఒక తమ్ముడు రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దన్నాడు, పెట్టడం లేదు. ఏ వీధో, ఏం పని చేస్తాడో కూడా నేనే తీసేశాను. వయసు ముప్పై ఒకటి. తాతల నాడే అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబం, బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. పార్వతీపురంలో ఉన్న మేనమామ కూతురితో పెళ్ళి కుదిరింది, వైశాఖంలో ముహూర్తం పెట్టుకున్నారు.

నాలుగేళ్ళ కిందట రాయ్‌పూర్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు ఒకామెతో సంబంధం ఉండేదట, అది తెగిపోయి రెండేళ్ళు దాటింది, ఆ తర్వాత ఎవరూ లేరు. ఆ సంబంధం చివరి రోజుల్లో ఒకసారి మర్మాంగం మీద నాలుగైదు నీటి పొక్కులు లేచాయి, మంట, గజ్జల్లో బిళ్ళ కట్టింది, కాస్త జ్వరం. అక్కడి ఆర్‌ఎంపీ చూసి ఒంటికి వేడి చేసిందని చెప్పి పూతమందు ట్యూబు చేతిలో పెట్టాడు. పది రోజుల్లో మానిపోయాయి, మళ్ళీ రాలేదు. ఇప్పుడు పెళ్ళి దగ్గరపడేసరికి ఫోన్‌లో ఏదో వీడియో చూసి అనుమానం వచ్చి, ఎవరికీ చెప్పకుండా ఒక ల్యాబ్ కలెక్షన్ సెంటర్‌లో రక్తం ఇచ్చాడు. రిపోర్టులో నాలుగు వరుసలు (హెచ్‌ఎస్‌వి అంటే హెర్పీస్ వైరస్, 1, 2 అన్నవి దాని రకాలు; ఐజీఎం, ఐజీజీ అంటే దానిమీద ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలు): హెచ్‌ఎస్‌వి 1, 2 కలిపి ఐజీఎం 1.3 పాజిటివ్, హెచ్‌ఎస్‌వి-1 ఐజీజీ 24 పాజిటివ్, హెచ్‌ఎస్‌వి-2 ఐజీజీ 1.6 పాజిటివ్, నాలుగోది హెచ్‌ఐవి, నెగెటివ్. కౌంటర్‌లో కుర్రాడు నలుగురి ముందు దాన్ని పైకి చదివి, "ఐజీఎం కూడా ఉంది, అంటే కొత్తగా తగిలింది" అన్నాడట.

ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి స్కూటర్ డిక్కీలో దాచాడు. మామయ్యకు ఫోన్ చేసి ఇల్లు పూర్తయ్యాక ముహూర్తం చూద్దాం అన్నాడు. తెలిసిన మెడికల్ షాపులో "హెర్పీస్" అంటూ ఫోన్‌లో అడుగుతుంటే అమ్మ చెవిన పడి, అది సర్పి అనుకుని, కుమ్మరి వాళ్ళింటికి తీసుకెళ్ళి అక్కి రాయిస్తానని పట్టుబట్టింది. చివర్లో ఇలా రాశాడు: "ఏటి చెయ్యమంటావక్కా? రెండేళ్ళుగా నేనెవరి దగ్గరకీ వెళ్ళలేదు, మరి కొత్తగా ఎలా తగుల్తాది? నా మరదలి బతుకు పాడు చెయ్యలేను. కారణం చెప్పకుండా తప్పుకుంటే సరిపోద్దా?"

తమ్ముడూ, ముందు ఆ ఫోన్ సంగతి. మామయ్యకు ఇంకో ఫోన్ చెయ్యకు, రెండు వారాలు ఆగు. నువ్వు చేతిలో పట్టుకుని కూర్చున్నది తీర్పు కాదు, సగం చదివిన కాగితం. నేను డాక్టర్ని కాను గానీ ఇలాంటి కాగితాలు పట్టుకుని వచ్చినవాళ్ళ ఎదురుగా చాలా ఏళ్ళు కూర్చున్నాను, అందులో సగం మందిని రోగం కంటే ఆ కాగితమే ఎక్కువ ఏడిపించింది. అదంతా నలుగురి ముందు పైకి చదివిన కుర్రాడిది మాత్రం శుద్ధ తప్పు, రిపోర్టు చదవడం అతని పని కాదు, చదివినా తప్పుగా చదివాడు.

వరుసగా చూద్దాం. ఐజీఎం గురించి మర్చిపో. నిజంగానే చెబుతున్నాను, ఆ వరుస మీద పెన్నుతో గీత కొట్టెయ్. ఐజీఎం అంటే కొత్తగా వచ్చిన ఇన్ఫెక్షన్ అని చాలా జబ్బుల్లో చెప్పుకుంటారు, హెర్పీస్ దగ్గర ఆ లెక్క కుదరదు. పాత ఇన్ఫెక్షన్ మళ్ళీ లేచినప్పుడు కూడా ఐజీఎం వస్తుంది, అసలు ఏమీ లేకపోయినా వస్తుంది, ఏ రకం వైరసో కూడా అది సరిగ్గా చెప్పలేదు. అందుకే అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ళు హెర్పీస్‌కు ఐజీఎం పరీక్ష వాడొద్దంటారు, మన ల్యాబుల్లో మాత్రం ప్యాకేజీలో పడి వచ్చేస్తూనే ఉంటుంది. ఆ ఒక్క మాట పట్టుకుని నువ్వు మెస్సులో గ్లాసు వల్లా, లాడ్జిలో తువ్వాలు వల్లా అని ఆలోచిస్తున్నావు కదా, ఉత్తరంలో ఆ పేరా మూడుసార్లు కొట్టేసి రాశావు. గ్లాసులు, తువ్వాళ్ళు, బాత్రూములతో జననాంగ హెర్పీస్ రాదు, చర్మానికి చర్మం తగిలితేనే.

హెచ్‌ఎస్‌వి-1 ఐజీజీ 24. పెద్ద అంకె చూసి రోగం ముదిరిందనుకున్నావు, ఐజీజీలో అంకె పెద్దదైతే జబ్బు పెద్దదని కాదు, ఒంట్లో యాంటీబాడీలు ఉన్నాయన్నది గట్టిగా తేలిందని మాత్రమే. ఈ ఒకటో రకం ప్రపంచంలో 50 ఏళ్ళలోపు వాళ్ళలో దాదాపు 380 కోట్ల మందికి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, అంటే ముగ్గురిలో ఇద్దరికి. చాలామందికి చిన్నప్పుడే, ఇంట్లో పెద్దవాళ్ళ ముద్దులతోనే వచ్చేస్తుంది. జ్వరం తగ్గాక పెదవి అంచున పొక్కు లేస్తుంది చూడు, అదే ఇది. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ఒకటో రకం నోటి నుంచి కింద భాగానికి కూడా అంటుకోగలదు, అది నీకు నోట్లో ఉందా కింద ఉందా అన్నది రక్తపరీక్ష చెప్పలేదు. రాయ్‌పూర్‌లో నీకు లేచిన పొక్కులు ఒకటో రకానివే అయ్యుండే అవకాశమూ ఉంది. అలా అయితే ఒకరకంగా నయం, కింద భాగంలో ఒకటో రకం రెండో రకం లాగా పదే పదే తిరగబెట్టదు.

ఇక నీ నిద్ర పాడు చేసిన వరుస, హెచ్‌ఎస్‌వి-2 ఐజీజీ 1.6. రిపోర్టు పక్కన చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది చూడు, 0.9 లోపు నెగెటివ్, 1.1 దాటితే పాజిటివ్ అని. మిషను 1.1 దాటగానే పాజిటివ్ అని అచ్చు వేస్తుంది, దానికి అంతకన్నా తెలియదు. కానీ 1.1 నుంచి 3 దాకా వచ్చే పాజిటివ్‌లలో తప్పుడువి చాలా ఎక్కువ, మళ్ళీ సరిగ్గా చూస్తే సగం దాకా నిలబడని సందర్భాలున్నాయి. అందుకే 3 లోపు వస్తే వేరే పద్ధతిలో ఇంకో పరీక్ష చేసి ఖాయం చేసుకోమని సీడీసీ 2021 మార్గదర్శకాల్లో ఉంది. అదే ల్యాబులో అదే పరీక్ష మళ్ళీ చేయించుకుంటే ఉపయోగం తక్కువ, మిషను మారాలి, పద్ధతి మారాలి. అన్నిటికంటే నమ్మకమైనది వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్ళు చేసే వెస్టర్న్ బ్లాట్ అంటారు, రాయగడలో కూర్చుని మనం దాన్ని ఆశించలేం.

అలాగని నేను నీకు లేదని చెప్పడం లేదు, అది గుర్తుంచుకో. ఏ పొక్కూ లేని మనిషికి 1.6 వస్తే నేను ఇంకా ధైర్యంగా మాట్లాడేదాన్ని. నీకు పొక్కులు లేచాయి, గజ్జల్లో బిళ్ళ కట్టింది, జ్వరం వచ్చింది, ఇవన్నీ మొదటిసారి హెర్పీస్ వచ్చినప్పటి లక్షణాలే. ఆ రోజు ఆర్‌ఎంపీ ట్యూబు రాసే బదులు పొక్కు పచ్చిగా ఉన్నప్పుడు దూదిపుల్లతో నీరు తీసి పీసీఆర్‌కు పంపి ఉంటే, ఒకటా రెండా అన్నది అప్పుడే తేలిపోయేది. అది పోయింది, ఇప్పుడు అనుకుని లాభం లేదు. మళ్ళీ ఎప్పుడైనా అక్కడే చిన్న మంట, దురద, పొక్కు కనిపిస్తే మాత్రం ఒకటి రెండు రోజుల్లోపే వెళ్ళు, పక్కు కట్టాక వెళితే పరీక్షకు ఏమీ దొరకదు. ఆలోగా ఏ ట్యూబూ పూయకు.

కాబట్టి ముందు చెయ్యాల్సింది ఇది. విశాఖ కేజీహెచ్‌లో గానీ బరంపురం ఎంకేసీజీలో గానీ చర్మ, సుఖవ్యాధుల విభాగం ఉంటుంది, రిపోర్టు పట్టుకుని వెళ్ళు. ఊళ్ళో తెలిసినవాళ్ళు చూస్తారన్న టెన్షన్ ఉంటే విశాఖే మేలు, పొద్దున్న రైలెక్కితే చాలు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్ అనే బోర్డు కనబడుతుంది, అది ఇలాంటి వాటికే, కౌన్సిలర్ ఉంటారు, డబ్బు తీసుకోరు. వెళ్ళినప్పుడు సిఫిలిస్‌కు, హెపటైటిస్-బికి కూడా రక్తం ఇచ్చి రా, హెచ్‌ఐవి ఎలాగూ చూసుకున్నావు. నువ్వు ఆ సంబంధం వదిలి రెండేళ్ళు దాటింది కాబట్టి యాంటీబాడీలు తయారవ్వాలని ఆగక్కర్లేదు, వాటికి మూడు నాలుగు నెలలు చాలు, అవి నీకు ఎప్పుడో గడిచిపోయాయి. ఒక్కటి చెబుతాను, రైల్వే స్టేషన్ గోడల మీద "గుప్తరోగాలకు గ్యారంటీ వైద్యం, ప్రతి ఆదివారం ఫలానా లాడ్జిలో" అని ఉంటుందే, అటు వెళ్ళకు. హెర్పీస్ వైరస్ ఒకసారి వచ్చాక వెన్నుపూస దగ్గర నరాల్లో నిద్రపోతుంది, దాన్ని పూర్తిగా తీసేసే మందు ఇంకా ఎవరి దగ్గరా లేదు, గ్యారంటీ అన్నవాడు నీ జేబు చూస్తున్నాడు.

అమ్మ సంగతి. సర్పి కూడా హెర్పీస్ కుటుంబమే, కానీ అది చికెన్‌పాక్స్ వైరస్, ఆటలమ్మ వచ్చి తగ్గాక ఏళ్ళ తర్వాత నడుం చుట్టూ లేస్తుంది. నీ రిపోర్టులో ఉన్నది అది కాదు. ఎర్రమన్నుతో సింహం బొమ్మ గీయించుకోవడం వల్ల నీకు నష్టమూ లేదు, లాభమూ లేదు. అమ్మ అలా అనుకుంటే అనుకోనీ. ఇది అమ్మకు చెప్పి తీరాల్సిన సంగతి కాదు.

ఇప్పుడు రెండో పరీక్షలో హెచ్‌ఎస్‌వి-2 లేదని తేలిందనుకో. అప్పుడు మిగిలేది ఒకటో రకం, అది నీ మరదలికీ చిన్నప్పటి నుంచి ఉండే అవకాశమే ఎక్కువ. అప్పుడు కూడా రాయ్‌పూర్ పొక్కుల సంగతి ఆమెకు చెప్పమనే నేనంటాను, కానీ అది వేరే బరువు.

ఉందని తేలితే? అప్పుడు కూడా పెళ్ళి వద్దనుకోవాల్సినంత జబ్బు కాదు ఇది. ప్రపంచంలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య 52 కోట్ల మందికి రెండో రకం ఉంది, వాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకుంటున్నారు, పిల్లల్ని కంటున్నారు. పిల్లలు పుట్టకుండా చేసే జబ్బూ కాదు, క్యాన్సర్‌గా మారేదీ కాదు. అసలు చిక్కు ఏమిటంటే పొక్కులు లేని రోజు కూడా అంటుకోవచ్చు. ఏ లక్షణం లేనివాళ్ళలో కూడా వందలో ఓ పది రోజులు వైరస్ చర్మం మీదకు వస్తూ పోతూ ఉంటుంది, అది మనకు తెలియదు. "నాకు మళ్ళీ రాలేదు కాబట్టి నా వల్ల రాదు" అని రాశావు చూడు, ఆ లెక్క తప్పేది అక్కడే.

కాపాడటానికి మూడు పద్ధతులున్నాయి, ఒక్కదానిమీదే ఆధారపడకు. మంటగా, జిలగా, పొక్కుగా ఏది అనిపించినా పూర్తిగా మానే వరకు దగ్గరకు వెళ్ళకపోవడం మొదటిది, అందులో నోటితో చేసేవీ కలుస్తాయి. రెండోది కండోమ్. ఇది బాగా తగ్గిస్తుంది కానీ పూర్తిగా ఆపదు, ఎందుకంటే వైరస్ కండోమ్ కప్పని చోట నుంచి కూడా వస్తుంది. మూడోది రోజూ ఒక మాత్ర. 2004లో అచ్చయిన ఒక పెద్ద పరీక్షలో, ఒకరికి హెచ్‌ఎస్‌వి-2 ఉండి ఒకరికి లేని 1,484 జంటల్ని ఎనిమిది నెలలు చూశారు. ఉన్నవాళ్ళు రోజూ 500 మిల్లీగ్రాముల వాలసైక్లోవిర్ వేసుకున్న జంటల్లో నూటికి ఇద్దరికి అంటింది, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో నూటికి దాదాపు నలుగురికి. అంటే మాత్రతో దాదాపు సగం తగ్గింది. ఇంకో సంగతి కూడా చూడు, మాత్ర లేకపోయినా ఎనిమిది నెలల్లో నూటికి తొంభై ఆరుగురికి అంటలేదు, ఒక్క రాత్రితో ఆమె జీవితం పాడైపోతుందని నువ్వు రాసింది అందుకే నిజం కాదు. మాత్ర వేసుకోవాలా, కిడ్నీలకు ఇబ్బందేమైనా ఉందా అన్నది డాక్టర్ చూస్తారు, షాపులో అడిగి కొనేసేది కాదు.

పెళ్ళయ్యాక మనవైపు మొదటి పండక్కే "ఏమైనా విశేషమా" అని మొదలుపెడతారు కదా, అప్పుడు కండోమ్ ఎలా కుదురుతుందని నువ్వు అడగలేదు, అడగాల్సిన ప్రశ్న అదే. దారులు రెండున్నాయి. ఆమె పెళ్ళికి ముందే పరీక్ష చేయించుకోవచ్చు, ఆమెకు కూడా రెండో రకం ఉంటే ఈ జాగ్రత్తలు చాలావరకు అక్కర్లేదు. లేకపోతే, నువ్వు మాత్ర వేసుకుంటూ, ఏ లక్షణం లేని రోజుల్లో, గర్భం వచ్చే అవకాశం ఉన్న ఆ కొద్ది రోజులకే కండోమ్ తీసెయ్యడం, మిగతా రోజులు వాడటం. చాలా జంటలు ఇలాగే కంటున్నారు. గట్టిగా పట్టుకోవాల్సింది గర్భం చివరి మూడు నెలలు. అప్పుడు ఆమెకు కొత్తగా అంటితే పుట్టే బిడ్డకు సోకే అవకాశం నూటికి ముప్పై నుంచి యాభై దాకా ఉంటుంది, బిడ్డకు ప్రాణాపాయమే. అదే ఆమెకు ముందు నుంచే ఉన్నదైతే బిడ్డకు ముప్పు నూటికి ఒకటి కూడా ఉండదు. కాబట్టి ఆ మూడు నెలలూ దూరంగా ఉండటమే, అందులో బేరం లేదు. డాక్టరమ్మకు ముందే చెప్పాలి కూడా. డాక్టరమ్మకు చెప్పాలంటే ముందు నీ మరదలికి తెలియాలి కదా.

అక్కడికే వస్తున్నాను. నీకు మూడు దారులున్నాయి.

కారణం చెప్పకుండా తప్పుకోవడం, నువ్వు త్యాగం అనుకుంటున్నది. మేనరికం తప్పిపోతే మన ఇళ్ళల్లో మాట ఎవరి మీదకు వస్తుందో నీకు తెలియనిది కాదు. "పిల్లలో ఏదో లోపం ఉంది, లేకపోతే సొంత మేనత్త కొడుకు వద్దంటాడా" అంటారు. నీ రిపోర్టు డిక్కీలో భద్రంగా ఉంటుంది, నింద పార్వతీపురంలో ఆమె మోస్తుంది. మీ అమ్మకు పుట్టిల్లు కూడా పోతుంది. పెళ్ళి వద్దనుకునే హక్కు నీకుంది, కానీ దాన్ని ఆమె కోసం చేస్తున్న పని అని మాత్రం అనుకోకు.

చెప్పకుండా చేసుకోవడం రెండోది. జాగ్రత్తగా ఉంటే అంటకపోవచ్చు కూడా. కానీ రోజూ మాత్ర ఎందుకు, కొత్త పెళ్ళిలో కండోమ్ ఎందుకు, వీటికి అబద్ధం మీద అబద్ధం అల్లాలి. రేపు గర్భంలో బిడ్డకు హాని చేసే ఇన్ఫెక్షన్ల కోసం ఎవరో టార్చ్ అనే రక్తపరీక్ష రాస్తారు, అందులో హెర్పీస్ వరుస ఉంటుంది, ఆ రిపోర్టు ఆమె చేతికి వస్తుంది. అప్పుడు ఆమెను అనుమానించేవాళ్ళు మొదలవుతారు, నోరు విప్పాల్సిన మనిషివి నువ్వు. అంటుకునే సుఖవ్యాధి ఉండటం హిందూ వివాహ చట్టంలో విడాకులకు ఒక కారణం అన్నది కూడా తెలుసుకో. భయపెట్టడానికి కాదు, దాచిన మాట బయటపడితే ఎంతదాకా వెళుతుందో చెప్పడానికి.

చెప్పడం మూడోది. నేను ఇటే మొగ్గుతాను, కానీ ఎప్పుడు, ఎవరికి అన్నది చూసుకోవాలి. ఇప్పుడే, 1.6 అనే అరకొర అంకె పట్టుకుని చెబితే ఆమెకూ నీ టెన్షనే అంటిస్తావు, రెండో పరీక్ష అయ్యాక చెప్పు. అలాగని పెళ్ళి కార్డులు అచ్చయ్యాక చెబితే ఆమెకు కాదనే వీలుండదు, ముందే చెప్పాలి. మామయ్యకు కాదు, అమ్మతో చెప్పించడం కాదు, ఆమెకే, మొహం చూసి. రిపోర్టు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టకు, ఒకసారి వెళ్ళిన ఫోటో ఎవరి ఫోన్‌లో ఆగుతుందో ఎవరికీ తెలియదు. మాట ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే ఇలా అను: "నువ్వు వద్దన్నా నేను కోపగించను, కానీ ఇది తెలియకుండా నిన్ను చేసుకోలేను. నీకంటే ముందు నాకొక సంబంధం ఉండేది. దానివల్ల నాకొక వైరస్ ఉంది, దాన్ని డాక్టర్‌కు చూపించుకున్నాను, నీకు రాకుండా చెయ్యాల్సినవి ఇవీ." అంతే చెప్పి ఆగు. అక్కడికక్కడే జవాబు అడగొద్దు. ఆమె ఏడవొచ్చు, రాయ్‌పూర్ సంగతే ఎక్కువ గుచ్చుకోవచ్చు, వైరస్ కంటే. వాళ్ళ నాన్నకు చెప్పేయవచ్చు కూడా, ఆ ప్రమాదం ఉంది, లేదని నేను నీకు మాటివ్వలేను. ఆమె కాదంటే, కారణం నువ్వే నీ మీద వేసుకో, "నేనే వద్దన్నాను" అని పెద్దవాళ్ళకు చెప్పు, ఆ ఒక్క అబద్ధానికి నేను అడ్డు చెప్పను.

ఆమె సరేనంటే డాక్టర్ దగ్గరకు ఇద్దరూ కలిసి వెళ్ళండి, ఆమె ప్రశ్నలు ఆమే అడుగుతుంది. ఆమె రిపోర్టులో ఒకటో రకం పాజిటివ్ వస్తే నువ్వు మొహం మాడ్చుకోకు, అది ఏ అమ్మమ్మ ముద్దో అయ్యుంటుంది. ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే హెచ్‌ఐవి, సుఖవ్యాధుల ప్రభుత్వ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చెయ్యి, డబ్బు పడదు, పేరు అడగరు.

ఆ కాగితం డిక్కీలోంచి తీసి ఒక ఫైల్లో పెట్టు. విశాఖలో డాక్టర్ ముందు అదే అడుగుతారు, మడతల దగ్గర అంకెలు చెరిగిపోతే మళ్ళీ ఆ కౌంటర్ దగ్గరకే వెళ్ళి తెచ్చుకోవాలి.